సాహిత్యపఠనమునకు గణకయంత్రము

ఢిల్లీ నగరమునకు దక్షిణభాగమున, ఔటర్ రింగురోడ్డు ప్రక్కన మునిర్కా యను ప్రాచీనగ్రామము గలదు. నగరము పెరిగి పెరిగి ఆ గ్రామమును తనలో కలుపుకొన్నది. ఇరుకు సందులు, ఒకదాని నొకటి యానుకొనియున్న మేడలు, అద్దెగదులలో విద్యార్థులు — ఇది నేటి మునిర్కా స్వరూపము. దానికి ఉత్తరమున కేంద్రప్రభుత్వోద్యోగుల నివాసములతో నిండిన రామకృష్ణపురము, దక్షిణమున జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయము, తూర్పున ఐ.ఐ.టి. ఉన్నవి. 2018వ సంవత్సరమున మెట్రోరైలు కూడ అచ్చటికి వచ్చినది. ఉద్యోగరీత్యా రాజధాని చేరిన తెలుగువారికి ఈ ప్రాంతము అపరిచితము కాదు.

కాని ఆ విశ్వవిద్యాలయ ప్రాంగణమున తెలుగుభాషకు సంబంధించిన యొక కార్యము జరిగిన సంగతి చాలమందికి తెలియదు. 2001లో అచ్చట సంస్కృతాధ్యయనమునకై యొక ప్రత్యేక కేంద్రము నెలకొల్పబడినది. శబ్దరూపములను, సంధులను గణకయంత్రముచే విడదీయించుట, అమరకోశము వంటి గ్రంథములను యంత్రమున వెదకుటకు వీలు కల్పించుట ఆ కేంద్రము చేపట్టిన పనులలోనివి. 2009లో, కేంద్రప్రభుత్వ సమాచార సాంకేతికశాఖ పోషణతో, భారతీయభాషల వాక్యసంచయమును కూర్చు ప్రణాళికకు ఈ విశ్వవిద్యాలయమే నాయకత్వము వహించినది. ఇంగ్లీషుతో కలిపి పండ్రెండు భాషలందు, హిందీ మూలముగా, ఒక్కొక్క భాషకు 50,000 వాక్యములు తొలిదశలో సమకూర్చుట సంకల్పము. ఆ పండ్రెండింటిలో తెలుగు ఒకటి.

ఆ వాక్యములు ఆరోగ్యమునకు, విహారయాత్రలకు సంబంధించినవి. యంత్రానువాదము ఉద్దేశము గనుక అట్టి విషయములను ఎన్నుకొనుట సమంజసమే. అయినను సాహిత్యాభిమానికి ఒక ప్రశ్న తోచకమానదు. జ్వరమునకు మందును, యాత్రికునకు దారిని తెలుగున చెప్ప నేర్చిన యంత్రము, నన్నయ తిక్కనల తెలుగును చదువనేర్చుట ఎన్నడు? ఆ పని ఎవరు చేయవలెను? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ముందు, యంత్రము సాహిత్యమున ప్రవేశించిన చరిత్రను కొంత పరిశీలింపవలసియున్నది.

సూచికల సంప్రదాయము

గ్రంథమునందలి పదములను లెక్కించి, వరుసలో నుంచి, వెదకుటకు అనువుగా చేయుట క్రొత్త సంగతి కాదు. ఋగ్వేదమునకు సర్వానుక్రమణి యేర్పడి, ప్రతి సూక్తమునకును ఋషి యెవరు, దేవత యెవరు, ఛందస్సేది యను వివరములను నిలిపినది. సంధులను విడదీసి పదములను వేరుచేయు పదపాఠము అంతకు పూర్వమే గలదు. 1906లో బ్లూమ్‌ఫీల్డు పండితుడు వేదవాఙ్మయమునకు బృహత్తరమైన పాదసూచికను ప్రకటించెను. ఇవి యన్నియు మనుష్యుల కన్నులతో, చేతులతో సాధింపబడిన కార్యములు.

తెలుగున ఇట్టి కృషికి తొలివరుసలో నిలుచువాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. ఆయన పండితవృత్తిలోనివాడు కాడు. కంపెనీ కొలువులోని యుద్యోగి. కడపలో తన బంగళాయందు పండితులను, లేఖకులను జీతమిచ్చి నిలిపి, వ్రాతప్రతులను తెప్పించి, ఒకదానితో నొకటి పోల్చి పాఠములను నిర్ణయింపజేసెను. 1829లో వేమన పద్యములను అచ్చొత్తించెను. 1852లో తెలుగు ఇంగ్లీషు నిఘంటువును వెలువరించెను. ఒక పదమునకు అర్థము చెప్పుటకు ముందు ఆ పదము ఎచ్చటెచ్చట ప్రయోగింపబడినదో చూడవలెనను నియమమే ఆయన కృషికి పునాది.

పిమ్మట 1911లో ఆంధ్రసాహిత్యపరిషత్తును స్థాపించిన జయంతి రామయ్య పంతులుగారును డిప్యూటీ కలెక్టరు పదవి నిర్వహించినవారే. పరిషత్తు చేపట్టిన సూర్యరాయాంధ్ర నిఘంటువు తొలిసంపుటము 1936లో వెలువడినది. కడపటి సంపుటము వెలువడుటకు మరి మూడున్నర దశాబ్దములు పట్టినది. కావ్యములను ఒక్కొక్కటిగా చదివి, ప్రయోగములను ఏరి, అక్షరక్రమమున అమర్చుటకు ఎంత కాలము, ఎంత ఓర్పు కావలెనో ఈ యొక్క దృష్టాంతము చాలును.

ఒక మతాచార్యుని ప్రయత్నము

యంత్రమును ఇట్టి పనికి వినియోగింపవచ్చునని తలంచి సాధించినవారిలో అగ్రగణ్యుడు ఇటలీదేశీయుడైన రొబెర్తో బూసా యను క్రైస్తవాచార్యుడు. థామస్ అక్వినాసు రచనలందు ‘సాన్నిధ్యము’ అను భావమును గూర్చి ఆయన పరిశోధన చేసెను. ఆ భావము పెద్దపెద్ద నామవాచకములందు గాక, ‘లో’ అను అర్థమునిచ్చు ‘ఇన్’ అను చిన్న శబ్దమునందు దాగియున్నదని గుర్తించెను. ఆ చిన్న శబ్దము వచ్చిన ప్రతి వాక్యమును చేతితో వ్రాసికొనగా పదివేల చీటీలైనవి. ఒక శబ్దమునకే ఇంత శ్రమయైనచో సర్వపదముల మాట యేమి? 1949లో ఆయన న్యూయార్కునకు పోయి ఐ.బి.ఎమ్. సంస్థాధిపతియైన థామస్ వాట్సనును కలిసి సాయము కోరెను. వ్యాపారపు లెక్కలకై యేర్పడిన రంధ్రపత్రములపై తత్త్వగ్రంథము ఎక్కనారంభించినది. గల్లరాతె పట్టణమున యువతులు అనేకులు ఆ పత్రములకు రంధ్రములు పొడిచిరి. 1974 మొదలు 1980 వరకు ఆ సూచిక 56 సంపుటములుగా అచ్చయినది. అందు చేరిన పదములు ఒక కోటి పదిలక్షలకు చేరువ.

ఇందు గమనింపదగిన సంగతులు రెండు. యంత్రము ప్రవేశించినను పని ముప్పది సంవత్సరములు పట్టినది. ఏలనన అక్షరములను యంత్రమున కందించుట మనుష్యుని వంతు. రెండవది, ప్రశ్న పుట్టినది యంత్రమునుండి కాదు. ఒక చిన్న శబ్దమునందు పెద్ద యర్థమున్నదని పసిగట్టినది పాఠకుని మనస్సు.

భారతదేశమున

కలకత్తాలోని భారత గణాంకశాస్త్రసంస్థకు 1955లో తొలి గణకయంత్రము వచ్చినది. బొంబాయిలోని టాటా సంస్థ తానే నిర్మించుకొన్న యంత్రమునకు 1962లో ‘టిఫ్రాక్’ అను నామకరణము జరిగినది. అవి గణితమునకు, భౌతికశాస్త్రమునకు ఉద్దేశింపబడినవి. కాని పదునైదేండ్లకే అట్టి యంత్రబలముతో మానవిక విద్యకు సంబంధించిన యొక మహాగ్రంథము వెలువడినది. దానిని రచించినవాడు ఐ.ఎ.ఎస్. అధికారియైన ఐరావతం మహాదేవన్. 1970లో లభించిన నెహ్రూ పరిశోధనవేతనముతో ఆయన సింధులిపి శాసనములను యంత్రసాహాయ్యమున క్రమపరచెను. 1977లో పురావస్తుశాఖ ప్రకటించిన ఆ గ్రంథమున 2,906 లేఖనములు, 417 చిహ్నములు వర్గీకరింపబడినవి. ఆ లిపిని చదివితినని యంత్రము చెప్పలేదు; మహాదేవన్ చెప్పింపలేదు. ఏ చిహ్నము ఏ చిహ్నము ప్రక్కన వచ్చును, లేఖనారంభమున నేది, అంతమున నేది యను లెక్కను మాత్రము నిష్పక్షపాతముగా పండితుల ముందుంచెను. తరువాతి పరిశోధకులందరికిని అది ఆధారమైనది.

తెలుగువారిలో భద్రిరాజు కృష్ణమూర్తిగారు యంత్రగణనను భాషాచరిత్రకు వినియోగించిరి. 1962లో మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయసంపుటమును వెలువరించి, రైతు నోటిమాటను నిఘంటువు కెక్కించిన వారు ఆయనయే. గోండి, కొండ, కుయి, కువి, పెంగొ, మండ భాషలు ఆరింటి నడుమ బంధుత్వమును నిర్ణయించుట ఒక చిక్కు ప్రశ్న. ఆరు భాషలను రెండేసి శాఖలుగా చీల్చు వంశవృక్షములు 945 సాధ్యములు. వాని నన్నిటిని చేతితో పరీక్షించుట దుష్కరము. 1983లో మోజెస్, డాన్‌ఫర్త్ అను ఇరువురితో కలిసి కృష్ణమూర్తిగారు ప్రకటించిన వ్యాసమున, ఒక ధ్వనిపరిణామమునకు లోనుగాక మిగిలిన పదములను ఆధారముగా చేసికొని, యంత్రముచే ఆ వృక్షములను తూచిరి. తేలిన ఫలితము సంప్రదాయపద్ధతిచే పండితులు ఊహించినదానికి అనుకూలముగా నుండినది. క్రొత్త పద్ధతి పాతపద్ధతిని త్రోసివేయలేదు; దానికి సాక్ష్యము పలికినది.

తెలుగు నుడికారము, యంత్రపు చిక్కులు

లాటినుభాషలో ‘ఇన్’ అను శబ్దము వేరుగా నిలుచును. తెలుగున దానికి సమానమైన ‘లో’, ‘అందు’ నామమును అంటిపెట్టుకొనియుండును. అంతే గాదు, సంధియందు పదములు తమ తొలిరూపమునే విడిచిపెట్టును. ‘రాముడు’, ‘అయోధ్యకు’ అను పదములు కలిసి ‘రాముడయోధ్యకు’ అయినపుడు ‘అయోధ్య’ యందలి అకారము కంటికి కనబడదు. ద్రుతము మీద ‘కవి’ ‘గవి’ యగును. కావున ‘కవి’ కొరకు వెదకు యంత్రమునకు ‘గవి’ దొరకదు. తెలుగుక్రియకు విభక్తులు, కాలములు, ప్రశ్నార్థకములు, నిషేధార్థకములు చేరి వందలకొలది రూపములు కలుగును. ఈ రూపములనెల్ల విప్పి ధాతువును చూపు కార్యక్రమమునకు పదవిశ్లేషకమని పేరు. హైదరాబాదు విశ్వవిద్యాలయమున అనువర్తిత భాషాశాస్త్రకేంద్రము ఈ రంగమున దీర్ఘకాలము కృషి చేసినది.

1990 దశకమున కాన్పూరు ఐ.ఐ.టి.లో వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ ప్రభృతులు పాణినీయ కారకసిద్ధాంతమును ఆధారముగా గొని ‘అనుసారక’ మను సాధనమును నిర్మించిరి. ఆ కృషి పిమ్మట హైదరాబాదునకు తరలినది. తెలుగునుండి హిందీకి మార్గము చూపుట దాని ప్రయోజనములలో నొకటి. అనుసారకము అనువాదకుడు కాదు. మూలవాక్యపు ఛాయను చదువరి ముందుంచి, మిగిలిన భారమును ఆయనకే విడుచును. పాఠకుని తొలగించి తాను చదువక, పాఠకునికి చేయూత నిచ్చుటయే దాని యాశయము. సాహిత్యమున యంత్రమునకు తగిన స్థానమేదో ఈ భావమునందే సూచింపబడియున్నది.

లిపి విషయమునను చిక్కులు లేకపోలేదు. తొలిదినములలో ఒక్కొక్క ముద్రణాలయము ఒక్కొక్క సంకేతపద్ధతి నవలంబించెను. ఒకచోట కూర్చిన తెలుగు మరియొకచోట తెరచినచో అర్థములేని గుర్తుల గుంపయ్యెడిది. అమెరికాలోని రైసు విశ్వవిద్యాలయమున తెలుగు విద్యార్థులు రోమనులిపితో తెలుగు వ్రాయు పద్ధతిని కల్పించుకొని కొంతకాలము గడిపిరి. 1991లో యూనికోడు తొలికూర్పునందు తెలుగునకు స్థానము లభించినది. అటుపిమ్మట క్రమముగా తెలుగక్షరము ఏ దేశమున తెరచినను తెలుగక్షరమే యైనది. అచ్చుపుటను చూచి అక్షరములను గుర్తించు యంత్రవిద్య యందు 2001లోనే హైదరాబాదు విశ్వవిద్యాలయ పరిశోధకులు తమ ప్రయత్నమును ప్రకటించిరి. గుణింతములు, ఒత్తులు ఒకదానిపై నొకటి చేరుటచే ఆంగ్లలిపికంటె తెలుగున ఈ పని మిక్కిలి క్లిష్టము.

ఛందస్సు, కర్తృత్వము

యంత్రమునకు సుకరమైన విషయము తెలుగుపద్యమున నొకటి గలదు, అది ఛందస్సు. ఉత్పలమాల పాదమునకు ఇరువది యక్షరములు, పదవ యక్షరము యతిస్థానము. చంపకమాలకు ఇరువదియొక్కటి, పదునొకండవది యతిస్థానము. ద్వితీయాక్షరము ప్రాస. గురులఘువుల నియమములు నిశ్చితములు. కావున పద్యమునిచ్చినచో గణవిభజన చేసి, యతిప్రాసలను పరీక్షించి, దోషమును చూపు సాధనములు నేడు వెలసినవి. పాఠశాలలో ఛందస్సు నేర్వని యువకునకు ఇవి గురుస్థానమున నిలుచుచున్నవి.

ఇచ్చటను మెలకువ అవసరము. సంస్కృతసమాసము నడుమ సంయుక్తాక్షరము వచ్చినచో ముందున్న లఘువు గురువగును. రెండు తెలుగుపదములు వేరువేరుగా నున్నచోట సాధారణముగా అట్లు కాదు. పదమెచ్చట ముగిసినదో తెలిసికొనక గురులఘువులను నిర్ణయింపరాదు. పదమెచ్చట ముగిసినదో తెలియుటకు అర్థము తెలియవలెను. ఇట్లు యాంత్రికమని తోచు విషయమును చివరకు అర్థజ్ఞానమునకే చేరుచున్నది.

కర్తృత్వనిర్ణయము ఇంకను గహనము. అమెరికాలో ఫెడరలిస్టు వ్యాసములలో పండ్రెండింటి కర్తను గూర్చి చిరకాలము వివాదముండెను. 1964లో మోస్టెలర్, వాలెస్ అను గణాంకశాస్త్రజ్ఞులు చిన్నచిన్న అవ్యయముల వాడుకను లెక్కించి అవి మాడిసన్ రచనలని నిర్ణయించిరి. తెలుగున క్రీడాభిరామమును గూర్చి అట్టి వివాదము ప్రసిద్ధము. కృతియందు వినుకొండ వల్లభరాయని పేరున్నను, అది శ్రీనాథకృతమని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వాదించిరి. యంత్రమును అడిగినచో తీర్పు దొరకునా? ఆ గ్రంథము చిన్నది. లెక్కకు చాలినంత సామగ్రి స్వల్పము. పద్యమున అవ్యయములు కొన్ని గణపూరణమునకై చేరును గనుక గద్యమునందు వలె అవి రచయిత స్వభావమును పట్టి యీయవు. అన్నిటికంటె ముఖ్యము, లేఖకుల చేతులలో పాఠము మారియుండవచ్చును. ఏ ప్రతినుండి యెత్తివ్రాయబడినదో చెప్పని పాఠముపై చేసిన గణన ఇసుకపై కట్టిన గోడ. యంత్రపు తీర్పు సాక్ష్యములలో నొకటి కాగలదు, న్యాయమూర్తి కాజాలదు.

పోయినది, మిగిలినది

చిత్తూరుజిల్లా కాటూరున జన్మించి 1994లో ట్యూరింగు పురస్కారము నందిన దబ్బాల రాజగోపాల్ రెడ్డిగారు, లోకమున రాజ్‌రెడ్డిగా ప్రసిద్ధులు, పదిలక్షల పుస్తకములను యంత్రస్థము చేయు మహాసంకల్పమునకు మూలపురుషులు. దాని భారతీయశాఖయైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో బెంగుళూరు, హైదరాబాదు సంస్థలు పాల్గొని వేలకొలది తెలుగుపుస్తకముల పుటలను చిత్రములుగా నిలిపినవి. గ్రంథాలయములలో చెదలుపట్టుచున్న పుస్తకములు ఇంటనే చదువుకొన వీలైనది. కొంతకాలమునకు ఆ గ్రంథాలయపు జాలద్వారము మూతపడెను. ముందుచూపుతో కొందరు ఆ ప్రతులను ఇంటర్నెట్ ఆర్కైవు నందు చేర్చియుండుటచే వానిలో అనేకములు దక్కినవి. తాళపత్రము చెదలుచే నశించును. యంత్రస్థగ్రంథము పోషణలోపముచే నశించును. భేదమింతే.

ఆ పుస్తకములు చిత్రములు మాత్రమే. చిత్రమున పదమును వెదకరాదు. అంతకంటె గొప్ప లోపమొకటి గలదు. మునిర్కా ప్రక్కనున్న విశ్వవిద్యాలయ గ్రంథాలయమున చూపులేని విద్యార్థులకై హెలెన్ కెల్లర్ విభాగమని యొకటి గలదు. అచ్చట గణకయంత్రము పుస్తకమును బిగ్గరగా చదివి వినిపించును. విద్యార్థి చెవులతో చదువును. కాని యంత్రము చదువగలిగినది అక్షరములను, చిత్రమును కాదు. యూనికోడున కూర్చిన గ్రంథము అంధవిద్యార్థికి పలుకును. చిత్రరూపమున నున్న తెలుగుకావ్యము ఆయనయెదుట మూగది. పరిశోధకుని పదసూచికకు కావలసినదియు, చూపులేని పాఠకునకు కావలసినదియు ఒక్కటే — సరిచూడబడిన అక్షరపాఠము.

ఈ కార్యమునకు వేదిక లేకపోలేదు. 2005 నుండి తెలుగు వికీసోర్సు నడచుచున్నది. అందు ఒక ప్రక్క అచ్చుపుట చిత్రము, మరియొక ప్రక్క యంత్రము గుర్తించిన పాఠము నిలుచును. ఒకరు సరిదిద్దుదురు, వేరొకరు మరల సరిచూతురు. ఇరువురి చేతులు పడినగాని పుట పూర్తియైనట్లు కాదు. కార్యాలయమున ఒకరు సిద్ధపరచిన ముసాయిదాను పైయధికారి సరిచూచి సంతకము చేయు పద్ధతికిని దీనికిని భేదము లేదు. ఏ ముద్రణనుండి గ్రహింపబడినదో పుటయే సాక్షిగా ప్రక్కన నుండుటచే పాఠమునకు ప్రామాణ్యము గలుగును.

నేడు యంత్రములు మనుష్యునివలె సంభాషించు స్థితికి వచ్చినవి. 2022లో కేంద్రప్రభుత్వము ‘భాషిణి’ యను భాషాసేవను ప్రారంభించినది. అట్టి యంత్రములు తాము చదివిన పాఠమును బట్టి పలుకును. తెలుగున చదువుటకు తగినంత దొరకనిచో లేని పద్యమును కల్పించి, దానికి తిక్కన పేరు తగిలించుటకును వెనుదీయవు. వినువారికి మూలము తెలియనిచో అదియే సత్యమని చెల్లిపోవును. ఈ ప్రమాదమునకు విరుగుడు యంత్రమును నిందించుట కాదు. మూలమును తప్పులు లేక అందుబాటున నుంచుట.

బ్రౌను కంపెనీ యుద్యోగి. రామయ్య పంతులుగారు డిప్యూటీ కలెక్టరు. మహాదేవన్ ఐ.ఎ.ఎస్. అధికారి. దస్త్రములను క్రమపరచుట, అంకెలను సరిచూచుట, సాక్ష్యము లేక మాట యాడకుండుట — కొలువు నేర్పిన ఈ గుణములే వారి సాహిత్యసేవకు సాధనములైనవి. వారి కాలమున ప్రతులకై దేశము తిరుగవలసివచ్చెను. నేడు రామకృష్ణపురపు క్వార్టరులోనో, మునిర్కా యిరుకుగదిలోనో కూర్చున్న తెలుగువాని యెదుటికి పుటయే వచ్చి నిలుచుచున్నది. కార్యాలయము విడిచిన పిమ్మట దినమున కొక్క పుట సరిచూచినను సంవత్సరమునకు మూడువందల యరువదియైదు పుటలు; అనగా ఒక కావ్యము. ఆ కావ్యము పరిశోధకునకు దొరకును, చూపులేని విద్యార్థికి పలుకును, రాజధానిలో పుట్టి పెరిగిన తెలుగుబిడ్డకు చెవిని సోకును. యంత్రము సిద్ధముగనే యున్నది. దానికి తెలుగును చదువనేర్పవలసినది తెలుగువారే.